హవాయి భాషకి మెనూలు చివర్న పెట్టుకోండి

ఈమధ్య ఎక్కడ విన్నా ఒకటే మాట. ఏఐ వచ్చేసింది కాబట్టి చిన్న భాషల కష్టాలు గట్టెక్కినట్టేనట, ఏ యాప్‌నైనా ఏ భాషలోకైనా రాత్రికి రాత్రి దించేయొచ్చట. ఈ మాట అనేవాళ్లలో తమ ఫోన్‌ని తెలుగులో పెట్టుకుని వారం రోజులు వాడినవాళ్లు ఎందరుంటారో నాకు అనుమానమే. 2011 జనాభా లెక్కల్లో ఎనిమిది కోట్ల మందికి పైగా మాతృభాషగా రాయించుకున్న భాష మనది. సెట్టింగ్స్‌లో తెలుగు ఏళ్ల తరబడి ఉంది. అయినా మనలో చాలామంది దాన్ని ముట్టుకోం. అనువాదం లేక కాదు, అవసరం కనపడక.

మన సంగతే ఇలా ఉంటే, యునెస్కో పట్టికలో "అత్యంత ప్రమాదంలో ఉన్నవి" అనే గడిలో కూర్చున్న భాషకి మెనూలు తర్జుమా చేసి పెడితే ఏమవుతుంది? అమెరికా రాష్ట్రమైన హవాయి ద్వీపాల సొంత భాషనే తీసుకుంటాను. పసిఫిక్ ద్వీపాల ఓషియానిక్ భాషల్లో ఇంత కాలంగా, ఇంత పట్టుదలగా కంప్యూటర్లోకి తెచ్చిన భాషలు తక్కువ. పనికొచ్చిందేదో, దండగైందేదో చూడటానికి కావలసినంత సరుకు అక్కడ దొరుకుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇలాంటి భాషలో స్థానికీకరణ, అంటే సాఫ్ట్‌వేర్‌నీ రాతనీ ఆ భాషలోకి తేవడం, భాష మొత్తానికి చేసే సేవగా మొదలుపెడితే చెడుతుంది. ఆ భాషలోనే రోజంతా నడిచే ఒక గది ఎక్కడుందో వెతికి, ఆ గదిలోవాళ్లకి రేపు ఉదయం ఏం కావాలో అది చేయాలి. మెనూలు ఆ జాబితాలో చివరికొస్తాయి. చాలాసార్లు అసలు రావు.

గది ఎలా పుట్టింది

1896లో బడుల్లో బోధనాభాష ఇంగ్లీషేనని చట్టం చేశారు. 1980ల మొదటికొచ్చేసరికి ఇళ్లలో ఈ భాష ఆగకుండా నడిచిన నిఇహౌ ద్వీపం బయట దీన్ని మాట్లాడే పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు యాభైమంది కూడా లేరు. 1983లో "అహ పూనన లెఓ" సంస్థ పుట్టింది, మరుసటేడు కవాయి ద్వీపంలో హవాయి భాషలోనే నడిచే మొదటి శిశుబడి తెరిచారు. 1987లో ప్రభుత్వ బడుల్లోనూ ఆ మాధ్యమం మొదలైంది. 1999లో పై తరగతి దాకా అలాగే చదివిన మొదటి జట్టు బయటికొచ్చింది. 2010ల లెక్కల ప్రకారం ఇళ్లలో ఈ భాష మాట్లాడతామని చెప్పినవాళ్లు దాదాపు 18,000 మంది. అందులో చాలామంది బడిలో నేర్చుకున్నవాళ్లు, వాళ్ల పిల్లలు.

ఆ తొలినాళ్ల బడుల్లో స్థానికీకరణ ఎలా జరిగిందో చూడండి. హవాయి భాషలో పిల్లల పుస్తకాలు లేవు. తల్లిదండ్రులు, టీచర్లు సాయంత్రాలు కూర్చుని ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు ముందేసుకుని, వాక్యాలు అనువదించి, కాగితం ముక్కల మీద రాసి, కత్తిరించి, ఇంగ్లీషు అక్షరాల మీద అంటించేవారు. మర్నాడు పొద్దున పిల్లాడు ఆ పేజీ తిప్పుతాడు. అర్థం కాకపోతే అక్కడే అడుగుతాడు, అంటించినావిడ అక్కడే ఉంటుంది. తప్పు ఆ సాయంత్రమే దిద్దుకుంటుంది. ఇంత దగ్గర్లో పాఠకుడు దొరికే అనువాదం నూటికి ఒకటి ఉండదు.

1994లో హిలో ఊళ్లోని విశ్వవిద్యాలయంలో ఉన్న హవాయి భాషా కేంద్రంవాళ్లు "లెఓకీ" అనే బులెటిన్ బోర్డు, అంటే కంప్యూటర్లలో సందేశాలు పెట్టుకునే చోటు, పెట్టారు. ఫస్ట్‌క్లాస్ అనే సాఫ్ట్‌వేర్‌ని తీసుకుని మెనూలు, బటన్లు, హెచ్చరికలు సమస్తం హవాయి భాషలోకి మార్చారు. మెనూలు దండగంటున్నావు, మరి ఇదేమిటి అని మీరు అడగొచ్చు. నిజమే, నా వాదానికి గట్టి అడ్డు ఇదే. కానీ లెఓకీ ఎవరికోసం వచ్చిందో గమనించండి. దూరదూరాన వేర్వేరు ద్వీపాల్లో ఉన్న హవాయి మాధ్యమం బడులను కలపడానికి వచ్చింది. పొద్దున్నుంచీ ఆ భాషలోనే లెక్కలు చేసి, ఆ భాషలోనే తిట్టుకుని ఆడుకున్న పిల్లలు కంప్యూటర్ దగ్గర కూర్చోగానే ఇంగ్లీషులోకి మారాల్సి వస్తోందన్నది వాళ్ల బాధ. గది ముందుంది, మెనూ ఆ గదిలోకి వచ్చింది. ఆ తర్వాత నెట్‌స్కేప్ బ్రౌజర్‌ని కూడా హవాయి భాషలోకి తెచ్చారు. నెట్‌స్కేపే పోయింది, దానితోపాటు ఆ అనువాదమూ పోయింది.

మొదటి పని: ఒక కామా, ఒక గీత

ఏదైనా అనువదించేముందు రాసింది రాసినట్టు నిలవాలి. హవాయి భాషకి అయిదు అచ్చులు, ఎనిమిది హల్లులు. ఆ ఎనిమిదో హల్లు "ఒకిన". గొంతు ఒక్క క్షణం మూసుకుని తెరుచుకునే శబ్దం, రాతలో తలకిందులైన కామాలా ఉంటుంది. అచ్చు మీద గీత పెడితే దీర్ఘం, దాన్ని "కహకో" అంటారు. మన లిపికి ఈ అచ్చులు అచ్చంగా సరిపోతాయి: ఎ ఏ, ఒ ఓ తేడా హిందీ రాతలో పట్టుకోలేరు, మనకు పుట్టుకతోనే ఉంది. ఒకినకి మాత్రం మన దగ్గర అక్షరం లేదు, అందుకే ఇక్కడ రెండచ్చులు పక్కపక్కన రాసి సరిపెడుతున్నాను.

ఈ రెండూ అలంకారాలు కావు. పఉ అంటే మసి, పాఊ అంటే నడుముకి చుట్టుకునే బట్ట, పఊ అంటే తడిసినది, ఏ గుర్తూ లేని పవు అంటే అయిపోయింది. గుర్తులు తీసేస్తే నాలుగూ ఒకటే.

అన్ని భాషల అక్షరాలకీ ఒకే సంకేతాల పట్టిక అయిన యూనికోడ్ రాకముందు హిలోవాళ్లు సొంత ఫాంట్లు చేసుకున్నారు. దీర్ఘాచ్చులను నెత్తిన రెండు చుక్కలున్న యూరప్ అక్షరాల స్థానంలో కూర్చోబెట్టారు, ఒకినని రెండు చుక్కల వై స్థానంలో. ఆ ఫాంటు ఉన్నంతసేపు అంతా బాగుంటుంది. లేని కంప్యూటర్లో తెరిస్తే ప్రతి ఒకినా వై అయి కూర్చుంటుంది. అను ఫాంట్లలో, శ్రీలిపిలో కొట్టించిన ఫైళ్లతో తలపట్టుకున్న తెలుగువాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ పాత ఫైళ్లను మార్చడంలో రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. ఒకటి, ఫైలంతా ఒక్కసారిగా వెతికి మార్చేస్తే, నిజంగానే రెండు చుక్కలున్న జర్మన్ పేర్లు కూడా హవాయి దీర్ఘాలైపోతాయి. ఆ ఫాంటు వేసిన ముక్కల్నే వేరు చేసి మార్చాలి. రెండోది మామూలు అపాస్ట్రఫీ. ఒకిన బదులు దాన్నే కొట్టిన వాక్యాలు లక్షల్లో ఉన్నాయి, పక్కనే ఇంగ్లీషు వాక్యాల్లో అసలైన అపాస్ట్రఫీలూ ఉన్నాయి. ఇక్కడ ఆదుకునే నియమం ఒకటుంది: ఒకిన తర్వాత ఎప్పుడూ అచ్చే వస్తుంది, మాట చివర అది రాదు. గుర్తు తర్వాత హల్లుంటే వదిలేయాలి, అచ్చుంటే అనుమానితుల జాబితాలో వేసి కంటితో చూడాలి. పాత పాటల్లో అక్షరం ఎగ్గొట్టినచోట పెట్టిన అపాస్ట్రఫీలు ఈ జల్లెడలో కూడా తప్పించుకుంటాయి. అందుకే కంటిచూపు తప్పదు.

మార్చాక వాడాల్సింది యూనికోడ్‌లో 02బీబీ అనే స్థానంలోని అక్షరం. చూపుకి ఎడమవైపు ఒంటి కోట్ గుర్తులాగే ఉంటుంది కాబట్టి జనం దాన్నే వాడేస్తారు. కంటికి ఒకటే, కంప్యూటర్‌కి వేరు. 02బీబీ అక్షరం, కోట్ గుర్తు విరామచిహ్నం. కోట్ గుర్తుతో రాసిన మాట మీద రెండుసార్లు క్లిక్ చేస్తే కొన్ని ప్రోగ్రాముల్లో సగమే ఎంపికవుతుంది, కొన్నిట్లో స్పెల్‌చెక్ రెండు ముక్కలుగా చూస్తుంది, హ్యాష్‌ట్యాగ్ మధ్యలో తెగుతుంది. ఇక వర్డ్ తనంతట తాను కోట్ గుర్తులు వంచే సదుపాయం ఆన్‌లో ఉంటే, మాట మొదట్లో సరైన వంపు, మధ్యలో తిరగబడిన వంపు వస్తాయి. ఒకే మాటలో రెండు రకాలు! అచ్చయిన బోర్డుల మీద కూడా ఇది కనిపిస్తుంది.

పెద్దక్షరాల సంగతి ఇంకో తలనొప్పి. ఒకినకి పెద్దక్షరం లేదు. మాట ఒకినతో మొదలైతే దాని తర్వాతి అచ్చుని పెద్దది చేయాలి. "మొదటి అక్షరాన్ని పెద్దది చెయ్యి" అని రాసిన కోడ్ ఒకినని తాకి, మార్చేదేమీ లేక ఊరుకుంటుంది. దాంతో శీర్షికల్లో ఒకినతో మొదలయ్యే మాటలన్నీ చిన్నక్షరంతో మిగిలిపోతాయి. దీర్ఘాచ్చుని కొన్ని చోట్ల ఒకే అక్షరంగా, కొన్ని చోట్ల అచ్చు, గీత విడివిడిగా దాస్తారు. రెండూ కలిసిపోతే వెతికినది దొరకదు. లోపలికి తీసుకునేటప్పుడే అన్నిటినీ ఒకే రూపంలోకి కలిపేయాలి. వెతుకులాటలో మాత్రం గుర్తులు పెట్టకుండా కొట్టినవాళ్లకి కూడా ఫలితాలు చూపాలి, లేకపోతే ఫోన్‌లో తొందరగా కొట్టేవాళ్లు ఆ పెట్టె వైపే రారు.

పేర్లు రాసుకునే ఫారాల దగ్గర ఇంకా మొరటు తప్పులు జరుగుతాయి. "ఏ నుంచి జెడ్ దాకా మాత్రమే" అని రాసిన తనిఖీ ఒకిన ఉన్న ఇంటిపేరుని చెల్లదంటుంది. 2013 దాకా హవాయి డ్రైవింగ్ లైసెన్సు మీద పేరుకి 35 అక్షరాల చోటే ఉండేది. అంతకంటే పొడుగు ఇంటిపేరుతో వచ్చిన ఫిర్యాదు పేపర్లకెక్కాక 40కి పెంచారు. సొంత నేల మీద సొంత పేరు పట్టని కార్డిచ్చి, యాప్ మాత్రం మీ భాషలో ఇస్తాం అంటే ఎవరు నమ్ముతారు?

2002లో మ్యాక్ ఓఎస్ టెన్ 10.2తో హవాయి కీబోర్డు, గుర్తులున్న ఫాంట్లు కంప్యూటర్‌తో పాటే రావడం మొదలైంది. నా లెక్కలో ఈ భాషకి జరిగిన అతి విలువైన స్థానికీకరణ అదే. అందులో అనువదించిన వాక్యాలు దాదాపు లేవు. కానీ ఎవరైనా తన భాషలో తాను ఉత్తరం రాసుకోవచ్చు.

ఖాళీలు పూరించే వాక్యాలు

మెనూ వాక్యాల్లో అసలు ప్రమాదం ఖాళీల్లో ఉంటుంది. "ఫలానా నుంచి ఫలానాకి పంపబడింది" అని ప్రోగ్రామర్ రెండు ఖాళీలు పెట్టి ఇస్తాడు. తెలుగులో ఈ బాధ మనకు అలవాటే: రవికి, సీతకు, రాముడికి, ప్రసాద్‌కు. ఖాళీ వెనక ఏ ప్రత్యయం అతికించాలో ముందే తెలియదు. అందుకే మన అనువాదకులు "గారికి" తగిలించి తప్పించుకుంటారు, మర్యాదా కలిసొస్తుంది.

హవాయి భాషలో అలాంటి సందు లేదు. అక్కడ మనిషి పేరుకైతే ముందు "ఇయా" రావాలి, మామూలు నామవాచకానికి "ఇ", దాని తర్వాత ఇంగ్లీషు "ది" లాంటి ఉపపదం, "క" గానీ "కె" గానీ. మాట క, ఎ, అ, ఒ లతో మొదలైతే "కె", మిగతావాటికి "క". పుస్తకం క పుకె, బొమ్మ కె కిఇ. ఇంతేనా అంటే కాదు. పాట "మ"తో మొదలైనా కె మెలె, బల్ల "ప"తో మొదలైనా కె పాకవుకవు. ఒకినతో మొదలయ్యే మాటలు ఎక్కువగా "క" తీసుకుంటాయి, కొన్ని మాత్రం తీసుకోవు. కాబట్టి "క" అని వాక్యంలో రాసి పక్కన ఖాళీ వదిలితే సగం చోట్ల తప్పు. ఉపాయం ఏమిటంటే ఉపపదాన్ని వాక్యంలో ఉంచకుండా, జాబితాలో ప్రతి నామవాచకంతో పాటే భద్రపరచడం: ఏకవచనం ఒక గడి, "నా"తో బహువచనం ఒక గడి. జాబితా రెట్టింపవుతుంది, వాక్యాలు బతుకుతాయి.

అంకెల దగ్గర ఇంకో మెలిక. యూనికోడ్ వాళ్ల భాషాసమాచార నిధిలో హవాయి భాషకి రెండే వచన వర్గాలు: ఒకటి, మిగతావి. నామవాచకాల వరకు చాలు. "ఒకటి" వర్గంలో మాత్రం అంకెని అలాగే వదలకూడదు, లెక్కపెట్టే ఒకటి "ఎకహి", ఒక వస్తువు అనే ఒకటి "హొఒకహి". సున్నాకి "సున్నా ఉత్తరాలు" అనరు, లేవని చెప్పే వేరే వాక్యం రాయాలి. ఇంతకీ అసలు గొడవ సర్వనామాల్లో ఉంది. మనం, మేము తేడా తెలుగువాడికి చెప్పక్కర్లేదు, ఇంగ్లీషు నుంచి వచ్చినవాడికి గంట పడుతుంది. హవాయి భాష ఇంకో అడుగు ముందుకేసింది: నువ్వూ నేనూ ఇద్దరమే అయితే కావువ, నిన్ను వదిలేసి మేమిద్దరం అయితే మావువ, ముగ్గురు, అంతకంటే ఎక్కువైతే కాకొవు, మాకొవు. ఎదుటివాళ్లు ఒకరైతే ఒయె, ఇద్దరైతే ఒలువ, ఎక్కువైతే ఒవుకొవు. గ్రూప్ చాట్‌లో "మీరు ఈ ఫొటో చూడగలరు" అన్న వాక్యానికి ఇద్దరికో రూపం కావాలి. వచన వర్గాల్లో "రెండు" అనే గడే లేదు! అంకెని బట్టి వాక్యం మార్చే సందేశ ఫార్మాట్‌లో "సరిగ్గా 2 అయితే" అని విడిగా రాసుకునే వీలుంది, కానీ ఆ వీలుందని అనువాదకుడికి ఎవరూ చెప్పరు. ఎక్సెల్ షీట్‌లో రెండు గడులిచ్చి నింపమంటారు.

"నా ఫొటోలు" అన్న బటన్ దగ్గర బాగా అనుభవమున్నవాళ్లు కూడా ఆగుతారు. స్వాధీనం రెండు రకాలు. నేను తీసిన బొమ్మ అయితే "కఉ", నా రూపమున్న బొమ్మ అయితే "కొఉ". ప్రొఫైల్ ఫొటోకి ఒకటి, గ్యాలరీకి ఒకటి. మూల ఇంగ్లీషులో రెండుచోట్లా ఒకే వాక్యం కాబట్టి సాఫ్ట్‌వేర్ దాన్ని ఒకే గుర్తింపు పేరుతో దాచింది. అనువాదకుడికి ఆ పేరొకటే కనిపిస్తుంది, తెర కనిపించదు. ఇలాంటి చోట వాక్యాన్ని రెండుగా విడగొట్టమని ప్రోగ్రామర్‌కి ఉత్తరం రాయాలి. ఆ ఉత్తరానికి జవాబొచ్చే కంపెనీ అయితేనే పని ఒప్పుకోవడం మంచిది.

చిన్నదే గానీ చెప్పాల్సింది ఇంకోటి: ఈ భాషకి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ ఇచ్చే రెండక్షరాల కోడ్ లేదు, మూడక్షరాల హెచ్ఏడబ్ల్యూ మాత్రమే. భాషాకోడ్ అంటే రెండక్షరాలే అనుకుని రాసిన పాత ప్రోగ్రాముల్లో అనువాదం మొత్తం సిద్ధంగా ఉన్నా ఎంపికల పట్టికలో ఆ భాష పేరే రాదు. మొదటి రోజే ఒక్క వాక్యంతో పరీక్షించుకుంటే తెలిసిపోయేది, ఆఖరి రోజు తెలుస్తుంది.

ఎవరి భాష?

1987 నుంచి కొత్త మాటలు తేల్చడానికి ఒక పదసంఘం ఉంది. వాళ్లు ఒప్పుకున్న మాటల నిఘంటువు "మామక కైయావో" 2003లో విశ్వవిద్యాలయ ముద్రణగా వచ్చింది. కంప్యూటర్‌ని కమెపియులా అని అరువు తెచ్చుకున్నారు, ఈమెయిల్‌ని "లెక ఉయిల" అన్నారు, విద్యుత్తు ఉత్తరం. రెండు దారులూ వాడారు, బాగానే చేశారు.

అయితే నిఇహౌవాళ్లు, పుట్టి పెరిగిన భాషగా మాట్లాడే ముసలివాళ్లు కొందరు, బడిలో పెరిగిన ఈ భాష తమ చెవికి పరాయిగా ఉంటుందని అంటూనే ఉన్నారు. మాటలవల్ల కంటే వాక్యాల నడకవల్ల. ఇంగ్లీషులో ఆలోచించి హవాయి మాటలు పేర్చినట్టుంటుందని ఫిర్యాదు. మెనూ అనువాదాలు ఈ రోగాన్ని ముదరబెడతాయని నా భయం. మూడేసి మాటల ముక్కలు, సందర్భం లేనివి, రోజుకి వందలు, అన్నీ ఇంగ్లీషు మూలానికి కట్టేసినవి. ఒక బిడ్డ రోజూ చూసే హవాయి వాక్యాల్లో పెద్దవాటా అవే అయితే? మనకు "దస్త్రం", "సంచయం" తెర మీద చూసి నవ్వుకుని వదిలేసే సౌకర్యం ఉంది, ఎందుకంటే బయట కోట్లమంది మాట్లాడే తెలుగు దాన్ని సరిచేస్తుంది. అక్కడ అలా సరిచేసే జనం పల్చగా ఉన్నారు.

పరీక్షల విషయంలో ఇది నిజంగానే జరిగింది. హవాయి మాధ్యమం పిల్లలకి రాష్ట్రం ముందు ఇంగ్లీషు పరీక్షలనే అనువదించి పెట్టింది. ప్రశ్నలు అతుకులబొంతలా ఉన్నాయని, పిల్లలకొచ్చినదాన్ని అవి కొలవవని తల్లిదండ్రులు గొడవచేశారు, కొందరు పిల్లల్ని పరీక్ష రాయనివ్వలేదు. ఆ తర్వాత "కాఎఓ" అనే పరీక్షను మొదట్నుంచీ హవాయి భాషలోనే తయారుచేశారు. అనువాదానికయ్యే కష్టంకంటే ఎక్కువే పట్టింది. కానీ గదిలోవాళ్లు అడిగింది అదే.

చేతి లెక్క

ఒక మధ్యరకం యాప్‌లో 5,000 వాక్యాలుంటాయనుకోండి, సగటున నాలుగు మాటలు. మొత్తం 20,000 మాటలు. పదజాలం స్థిరపడిన భాషలో అలవాటున్న అనువాదకుడు రోజుకి 2,000 లాగించేస్తాడు, పది రోజుల పని. ఇక్కడ ప్రతి గంటకీ ఒక కొత్త మాట దగ్గర ఆగాలి, నిఘంటువు చూడాలి, సంఘానికి రాయాలి. రోజుకి 800 అంటే మంచి వేగం. అంటే 25 రోజులు. రెండో మనిషి దిద్దడానికి అందులో సగం. తెర మీద ఒక్కొక్కటీ తెరిచి చూడటానికి ఇంకో వారం. షీట్‌లో బాగున్న వాక్యం బటన్‌లో పట్టదు. ఇంగ్లీషు కంటే ఒకటిన్నర రెట్ల పొడుగు వస్తుందనుకుని ముందే చోటు వదలకపోతే ఆ వారం రెండవుతుంది. మొత్తం 42, 43 పనిదినాలు, ధారాళంగా రాయగల మనిషివి.

ఆ మనిషి ఎవరు? ఎక్కడో ఖాళీగా కూర్చున్న అనువాదకుడు కాదు. పొద్దున బడిలో చెప్పే టీచరే, మధ్యాహ్నం పాఠ్యపుస్తకం దిద్దేదీ ఆవిడే, పదసంఘంలో ఉన్నదీ ఆవిడే. 16 పేజీల పిల్లల పుస్తకం 500 మాటలు మించదు. రాసి, దిద్ది, ఒక తరగతిలో చదివించి చూసి మళ్లీ దిద్దడానికి నాలుగు రోజులనుకున్నా, ఆ రోజుల్లో పది పుస్తకాలు. అవి వెర్షన్ మారితే పాతబడవు.

లేదా పాత పేపర్లు. 1834 నుంచి 1948 దాకా హవాయి భాషలో వంద దాకా పత్రికలు వచ్చాయి, దాదాపు 1,25,000 పేజీలు. అందులో వాతావరణం, వైద్యం, చేపలవేట, రాజకీయం, చావుకబుర్లు అన్నీ ఉన్నాయి. మసకబారిన అచ్చుని యంత్రం తప్పుల తడకగా చదివితే, 2011 చివర్లో వేలమంది వాలంటీర్లని కూడగట్టి చేత్తో టైపు చేయించారు. తేలిగ్గా వెతుక్కునే రూపంలోకి రావాల్సినవి ఇంకా చాలానే ఉన్నాయి. అవి కంప్యూటర్లోకి తేవడం కూడా స్థానికీకరణే, కాకపోతే అక్కడ అనువాదం ఉండదు, మూలమే హవాయి భాషలో ఉంది.

మరి యంత్రం?

2016 ఫిబ్రవరిలోనే గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో హవాయి భాష చేరింది. ఇప్పటి పెద్ద మోడళ్లు ఇంకా నున్నగా రాస్తాయి. నాకు భయం ఆ నునుపే. పాత పత్రికల్లో ఒకినలు, కహకోలు పెట్టేవారు కారు, కొత్త రాతలో పెడతారు, వెబ్‌లో సగం అపాస్ట్రఫీలతో ఉంది. ఇవన్నీ కలిపి నేర్చుకున్న యంత్రం ఒకే పేరాలో ఒకే మాటకి రెండు రాతలు రాస్తుంది, లేనిచోట దీర్ఘం పెడుతుంది. చదివేవాడికి భాష బాగా వస్తేనే తప్పు కనిపిస్తుంది. నేర్చుకునేవాడికి అది పాఠమైపోతుంది.

దిద్దేవాళ్లని పెట్టుకుంటే సరిపోదా అంటారు. తెలుగులో సరిపోతుంది. అక్కడ దిద్దేవాళ్లు మళ్లీ అదే టీచర్లు, దిద్దడం రాయడంకంటే విసుగు. యంత్రం రోజుకి పదివేల మాటలు పోస్తే వాళ్ల రోజు దాన్ని వడకట్టడానికే పోతుంది. యంత్రాన్ని ఇంగ్లీషులోకి అనువదించడానికి వాడితే నాకేమీ అభ్యంతరం లేదు: పాత పత్రికలో ఏ పేజీలో ఏముందో పైపైన చూపించడానికి, రికార్డు చేసిన ముసలివాళ్ల మాటల్ని కాగితం మీదకి ముసాయిదాగా దించడానికి. తప్పులుంటే అవి ఇంగ్లీషులోనో ముసాయిదాలోనో ఉంటాయి, హవాయి భాషలో మిగలవు. ఈ దిశ తేడాని ప్రాజెక్టు కాగితంలో మొదటి పేజీలో రాసుకోవాలి.

గౌరవం మాటేమిటి అని ఒక వాదం మిగులుతుంది. బ్యాంకులో, ఫోన్‌లో తన భాష కనపడటమే మనిషికి బలం అంటారు. కొట్టిపారేయలేను. 1978లో రాష్ట్ర రాజ్యాంగం హవాయి భాషని అధికారభాష చేసింది, కానీ ప్రభుత్వ వ్యవహారాల్లో చట్టం చెప్పిన మేరకే తప్పనిసరి అని పక్కనే తాడు కట్టింది. 2018 జనవరిలో మావీ ద్వీపంలో ఒక కోర్టులో నిందితుడు హవాయి భాషలోనే జవాబిచ్చాడు. ఎదురుగా నిలబడి ఉన్న మనిషిని హాజరు కాలేదంటూ వారెంట్ వేశారు. మర్నాడు వెనక్కి తీసుకున్నారు, దుబాసీలను ఇస్తామని రాష్ట్ర న్యాయవ్యవస్థ ప్రకటించింది. గౌరవం దొరికే చోటు అది. కోర్టు సమన్లు, ఆసుపత్రి ఒప్పుకోలు పత్రం, ఓటరు ఫారం: పేజీలు తక్కువ, ఏళ్ల తరబడి మారవు, తప్పు దొర్లితే గట్టిగా అడిగేవాళ్లుంటారు. సెట్టింగ్స్‌లో ఆరో అంచెలో ఉన్న "అధునాతన ఎంపికలు" అనే మాటకంటే ఇవి వందరెట్లు ముందు.

కాబట్టి చేతిలో ఒక ఏడాది డబ్బు, ఒక మనిషి ఉంటే నేను చెప్పే వరస ఇది. మొదటి నెల కీబోర్డు, ఫాంటు, పాత ఫైళ్ల మార్పిడి, ఫారాల తనిఖీ. రెండో నెల ఏ బడి, ఏ ఆఫీసు, ఏ ఇల్లు ఈ భాషలో నడుస్తోందో తిరిగి చూసి, వాళ్లకి అడ్డొస్తున్నవేవో రాసుకోవడం. ఆ తర్వాత ఎనిమిది నెలలు వాళ్లడిగిన పుస్తకాలు, ఫారాలు, పాత పేజీలు. చివరి రెండు నెలలు, ఆ గదిలోవాళ్లు రోజూ వాడే సాఫ్ట్‌వేర్ ఒకటుంటే, దాని ముందు తెరలు మాత్రమే: మొత్తం 5,000 కాదు, నిజంగా కంటపడే మూడు నాలుగు వందల వాక్యాలు. వాటికి ముందు 150 మాటల పదపట్టిక పదసంఘంతో ఖాయం చేయించాలి. కొత్త వెర్షన్లో వచ్చే వాక్యాలను ఎవరు అనువదిస్తారు, ఎవరిస్తారు జీతం అనేది కంపెనీతో సంతకం పెట్టించుకునే కాగితంలోనే ఉండాలి, కనీసం మూడేళ్లకి. ఆ పంక్తికి వాళ్లు ఒప్పుకోకపోతే ఆ రెండు నెలలు కూడా పుస్తకాలకే ఇచ్చేయండి.